రెండు నెలల్లో రెండుసార్లు మొహం వాచింది: పనసపొట్టు కూరా, లాడ్జి సబ్బా?

లెక్కల మాస్టారు

నమస్కారం అండి. సామర్లకోట దగ్గర ఒక జడ్పీ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. వయసు 53. షుగర్ లేదు, బీపీకి రోజుకో మాత్ర. ఇన్నేళ్లలో నాకు ఫలానాది పడదు అని చెప్పుకున్న రోజు లేదు. అలాంటిది రెండు నెలల్లో రెండుసార్లు మొహం గుమ్మడికాయలా వాచింది. కాస్త వివరంగా రాస్తున్నాను, విసుక్కోకండి.

మా తోడల్లుడి కొడుకు పెళ్లి మండపేటలో జరిగింది. ఆదివారం పగటి ముహూర్తం. శనివారం సాయంత్రం తలకీ మీసానికీ రంగు వేసుకుని, తలంటుకుని బయల్దేరాం. అక్కడ లాడ్జిలో గది ఇచ్చారు. బాత్రూంలో అగ్గిపెట్టెంత గంధం సబ్బు ఉంటే దాంతోనే మొహం కడుక్కున్నాను. పెళ్లి భోజనంలో ఆవ పెట్టిన పనసపొట్టు కూర. రెండుసార్లు అడిగి వేయించుకున్నాను. మూడోసారి వడ్డించేవాడే అడక్కుండా వేశాడు. రాత్రి బంధువులింట్లో రొయ్యల వేపుడు.

సోమవారం మూడో పీరియడ్‌లో చెవుల వెనక దురద మొదలైంది. రాత్రికి నుదురు బిగిసినట్టయింది. మంగళవారం తెల్లారేసరికి కళ్లు విప్పలేకపోయాను. రెప్పలు ఉబ్బి, చెవులు ఎర్రబడి, జుట్టు మొదలయ్యే చోట గీత గీసినట్టు పొక్కులు. స్కూల్లో ఇప్పుడు ఫోన్‌కి మొహం చూపించి హాజరు వేసుకోవాలి కదా. ఆ యాప్ నాలుగుసార్లు చూపించినా నన్ను నేనని ఒప్పుకోలేదు. హెడ్మాస్టరు గారు కళ్లజోడు సర్దుకుని, "మాస్టారూ, మీరేనా?" అన్నారు.

మా ఊరి మందుల షాపతను ఒక మాత్రా, ఒక ట్యూబూ ఇచ్చాడు. ట్యూబు రాస్తే ఇంకా మండింది. మర్నాడు ఒక డాక్టరు గారికి చూపించాను. ఇంజక్షన్ చేసి, ఐదు రోజులకి మాత్రలు రాశారు. "ఏదో తిన్నారు, ఫుడ్ అలర్జీ" అన్నారు. పది రోజులకి పొట్టు రాలి మొహం మామూలైంది. ఆయన రాసిన చీటీ పట్టుకుని ఒక ల్యాబుకి వెళ్లి రక్తం ఇచ్చాను. 4,800 రూపాయలు. పది పేజీల రిపోర్టు. అందులో వంకాయ, వేరుశెనగ, ఇంటి దుమ్ము ఎర్ర అక్షరాల్లో ఉన్నాయి. ఆ రోజు నుంచి మా ఇంట్లో గుత్తివంకాయ లేదు. మా ఆవిడ పక్కింట్లో తిని వస్తోందని నాకు అనుమానం.

సరిగ్గా ఐదు వారాలకి రెండో దెబ్బ. ఈసారి పనసపొట్టు లేదు, రొయ్యల్లేవు, వంకాయ మొహం చూసి మూడు వారాలు దాటింది. శనివారం పొద్దున్న పదో తరగతి పిల్లల వీడ్కోలు సభ. శుక్రవారం రాత్రే తయారై పడుకున్నాను. మా అల్లుడు తెచ్చిన కొత్త షేవింగ్ ఫోమ్ వాడాను. శనివారం మధ్యాహ్నం నేను మాట్లాడే వంతు వచ్చేసరికి పై పెదవి బరువెక్కి మాట ముద్ద ముద్దగా వస్తోంది. పిల్లలు నేను ఏడుపు ఆపుకుంటున్నాననుకుని వాళ్లూ ఏడ్చారు. రాత్రికి మీసం కింద నీటిపొక్కులు, రసి. మొదటిసారి కంటే రెట్టింపు.

లెక్కల వాణ్ణి కాబట్టి పట్టిక వేశాను. అనుమానం ఉన్నవి: గంధం సబ్బు, షేవింగ్ ఫోమ్, పనసపొట్టు, రొయ్యలు, లాడ్జి తలగడ, కొత్త కళ్లజోడు ఫ్రేము, దోమల కాయిల్. కొట్టేసినవి: కొబ్బరినూనె (పుట్టినప్పటి నుంచి అదే), టూత్‌పేస్టు, బీపీ మాత్ర, తలరంగు (11 ఏళ్లుగా అదే ప్యాకెట్టు, పైగా హెర్బల్, అమ్మోనియా లేదని పెద్దక్షరాలతో ఉంటుంది).

మిగిలినవాటిలో ఒక్కటీ రెండుసార్లకీ సరిపోవడం లేదు. ఎవరికైనా ఇలా జరిగిందా? ఇంకో పెద్ద రక్తపరీక్ష ఉందట, 9,000. చేయించుకోమంటారా?

విజయనగరం కోడలు

మాస్టారూ, ఆ 9,000 జేబులోనే ఉంచుకోండి. మీరు కొట్టేసిన వాటిలో ఒకదాన్ని మళ్లీ రాయాలి. పెళ్లికి ముందు శనివారం రంగు వేసుకున్నానని మీరే రాశారు. రెండోసారి "శుక్రవారం రాత్రే తయారై పడుకున్నాను" అని దాటేశారు. ఆ తయారవడంలో రంగు ఉందా లేదా? లెక్కల్లో మీరు చెప్పే పాఠమే, రెండు సమితుల ఛేదనం తీయండి, రెండిట్లోనూ ఉన్నదేదో తేలుతుంది.

"ఇన్నేళ్లుగా అదే వాడుతున్నా" అన్న మాటే నన్నూ రెండేళ్లు ముంచింది. నాది స్టిక్కర్ బొట్టు. పెళ్లయిన దగ్గర్నుంచి పదిహేనేళ్లు ఒకటే సైజు, ఒకటే మెరూన్ రంగు. ఓ వేసవిలో బొట్టు కింద జిల మొదలైంది. చెమటకాయలనుకున్నా. గోకితే ఎర్రబడేది. రాత్రి తీసి అద్దానికి అంటించి, పొద్దున్న మళ్లీ అదే చోట పెట్టేదాన్ని. కొన్నాళ్లకి దురద పోయింది, హమ్మయ్య అనుకున్నా. దురద పోయిన చోట శనగబద్దంత తెల్లమచ్చ మిగిలింది. ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ మా అత్తగారు ఫోన్‌లో వాళ్ల చెల్లెలితో "బొల్లి" అనడం నా చెవిన పడింది. ఇక చూడండి, మా అమ్మాయికి సంబంధాలు వస్తాయా అనేదాకా వెళ్లిపోయింది ఆలోచన. దానికి అప్పుడు పదేళ్లు!

చివరికి విశాఖలో ఒక చర్మం డాక్టరమ్మ నా నుదురు చూసి, పరీక్ష కూడా పెట్టకముందే, "బొట్టు జిగురమ్మా" అంది. ఆ జిగురులో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనేది ఉంటుందట. కొందరికి అది దురద పుట్టిస్తుంది, కొందరికి రంగునిచ్చే కణాలనే చంపేస్తుంది, కొందరికి రెండూ. రబ్బరు చెప్పుల పట్టీల కింద కాళ్ల మీద తెల్లమచ్చలు పడేది కూడా ఇలాంటి రసాయనాలతోనేనట. బొట్టు మానేసి, ఆవిడ రాసిన మందు వాడాక ఎనిమిది నెలలకి మచ్చ చాలావరకు కలిసిపోయింది. అందరికీ కలవదని కూడా ఆవిడే చెప్పింది.

మధ్యలో ఇంకో తప్పు చేశాను. స్టిక్కర్ మానేసి బజార్లో కుంకుమ కొని పెట్టుకున్నా. ఈసారి నుదురు నల్లబడింది. బజారు కుంకుమలో చాలావాటికి ఎరుపు పసుపు నుంచి రాదు, రంగుల నుంచి వస్తుంది. ఇప్పుడు మా పిన్ని పసుపు కొమ్ములు, నిమ్మరసం, వెలిగారం వేసి ఇంట్లో చేసిన కుంకుమే పెట్టుకుంటున్నా. అది అంత ఎర్రగా ఉండదు. అలవాటైపోయింది.

లెక్కల మాస్టారు

అమ్మా, ఉంది. శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి రంగు వేసుకున్నాను. షేవింగ్ ఫోమ్ గుర్తుంది గానీ రంగు సంగతి రాయడమే మర్చిపోయాను చూడండి. ముప్ఫై ఏళ్లు సమితుల పాఠం చెప్పినవాణ్ణి. ఈ విషయం మా పిల్లలకి తెలియకూడదు.

కానీ నా బుర్రకి ఎక్కనిది ఒకటుంది. 11 ఏళ్లు పడింది, ఇప్పుడెందుకు పడలేదు? కంపెనీ వాడు ఏమైనా మార్చాడా?

వేపచెట్టు నీడ

సార్, ఇంగ్లీషు మందులు వేడి చేస్తాయి. వేపాకు నూరి పచ్చి పసుపు కలిపి మొహానికి పట్టించండి. రక్తశుద్ధికి పరగడుపున కాకరరసం. మా తాతగారు ఇలాగే ఎంతోమందికి నయం చేశారు.

స్కిన్ పీజీ రెండో సంవత్సరం

ముందు పైన చెప్పిన చిట్కా గురించి. రసి కారుతున్న చర్మం మీద వేపాకు, పసుపు, నిమ్మ, కలబంద, ఏదీ రాయొద్దు. పసుపు వల్లా, వేప వల్లా కూడా ఇలాంటి అలర్జీ వచ్చినవాళ్లు ఉన్నారు. తాతగారి మీద గౌరవంతోనే చెప్తున్నా. రసి ఉన్నన్నాళ్లు శుభ్రమైన చల్లటి నీళ్లలో ముంచి పిండిన నూలుగుడ్డ వేసుకోవడం, చర్మం డాక్టరు రాసిన మందు వాడటం, అంతే.

మాస్టారూ, మిమ్మల్ని చూడకుండా జబ్బు తేల్చి చెప్పలేను. కానీ మీరు రాసింది మా ఓపీలో వారానికి ఒకసారైనా వినే కథ. జుట్టు అంచు, చెవులు, కనురెప్పలు, మీసం కింద. రంగు పడ్డచోటు, కడిగినప్పుడు కారిన దారి. మాడు చర్మం మందం కాబట్టి చాలామందికి అక్కడ పెద్దగా ఏమీ కనపడదు. రెప్పల చర్మం పల్చన కాబట్టి దెబ్బంతా అక్కడ తెలుస్తుంది. అందుకే జనం కళ్ల డాక్టరు దగ్గరికి పరిగెడతారు.

నల్లరంగుల్లో ఎక్కువగా వాడేది పారాఫినైలిన్‌డయామిన్. మేం పీపీడీ అంటాం. ప్యాకెట్టులో ఉన్నప్పుడు అది నలుపు కాదు. రెండో పొట్లంతోనో సీసాతోనో కలిపినప్పుడు ఆక్సిజన్‌తో చర్య జరిగి వెంట్రుక లోపల నల్లబడుతుంది. ఆ చర్య నడుస్తున్న అరగంటలోనే అది చర్మంలోకీ వెళ్తుంది. పూర్తిగా నల్లబడిపోయాక ఆ జుట్టు వల్ల మామూలుగా ఇబ్బంది ఉండదు, కాబట్టి భయపడి గుండు చేయించుకోవాల్సిన పని లేదు.

కంపెనీ ఏదీ మార్చి ఉండనక్కర్లేదు. మారింది మీ ఒళ్లు. ఈ రకం అలర్జీకి ముందు పరిచయం కావాలి. మొదటిసారే ఎవరికీ రాదు. వాడగా వాడగా ఒక రోజు రోగనిరోధక కణాలు ఆ రసాయనాన్ని శత్రువుగా గుర్తు పెట్టుకుంటాయి. అది రెండో వాడకానికి కావచ్చు, ఇరవయ్యో ఏటికి కావచ్చు. ఒకసారి గుర్తు పెట్టుకున్నాక ఇక మరచిపోవు. మీకు మొదటిసారి దాదాపు రెండు రోజులు పట్టింది, రెండోసారి ఒక్క రోజు కూడా పట్టలేదు. మూడోసారి ఎలా ఉంటుందో చూద్దామని దయచేసి అనుకోకండి.

ఈ ఆలస్యమే అందర్నీ తప్పుదారి పట్టిస్తుంది. రొయ్య పడకపోతే నిమిషాల్లోనో గంటలోనో దద్దుర్లు లేస్తాయి. ఇది మామూలుగా ఒకటి నుంచి మూడు రోజులు తీసుకుంటుంది. ఈలోగా మీరు పెళ్లికి వెళ్తారు, పనసపొట్టు తింటారు. నేరం పనసపొట్టు మీద పడుతుంది.

మీ 4,800 రూపాయల పరీక్ష చూసేది రక్తంలో ఐజీఈ అనే యాంటీబాడీని, అంటే వేరే రకం అలర్జీని. అది దద్దుర్లు, ఉబ్బసం లాంటివాటికి సంబంధించింది. తలరంగు, బొట్టు జిగురు, నగల్లో నికెల్, సబ్బు వాసన, వీటివల్ల వచ్చే ఎగ్జిమా (దురద, పొక్కులతో చర్మం ఉబ్బడం) అందులో దొరకదు. అందులో ఎర్రగా వచ్చిందల్లా ఒంటికి పడదనీ కాదు. ఇన్నాళ్లూ వంకాయ తిని ఏమీ కాకపోతే హాయిగా తినండి.

మీకు కావాల్సింది ప్యాచ్ టెస్ట్. వీపు పైభాగంలో చిన్న చిన్న గిన్నెల్లాంటి వాటిలో ఒక్కో పదార్థం రవ్వంత పెట్టి టేపుతో అంటిస్తారు. సూది లేదు, రక్తం లేదు. 48 గంటల తర్వాత తీసి చూస్తారు, మళ్లీ 96 గంటలకి చూస్తారు. రెండోసారి చూడటం మానేస్తే కొన్ని తప్పిపోతాయి. ఈ నాలుగు రోజులూ వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు, అందుకే మన ఎండల్లో చేయడం కష్టం. స్టెరాయిడ్ మాత్రలు మింగుతుండగా చేస్తే ఉన్నది కూడా లేదని వస్తుంది. అవి ఆపాక ఎన్నాళ్లు ఆగాలో చేసేవాళ్లు చెప్తారు. సెట్రిజిన్ లాంటి మాత్రలు దీనికి పెద్దగా అడ్డం రావు. అసలు ఈ జబ్బుకే అవి పెద్దగా పనిచేయవు, దురద కాస్త తగ్గి నిద్ర పడుతుంది, అంతే.

ఇంకొకటి. వాపు నాలుకకి, గొంతుకి పాకినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగి పడిపోతున్నట్టున్నా అది వేరే సంగతి. అప్పుడు ఇక్కడ పోస్టు పెట్టకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. అరుదే, కానీ రంగుతో అలా కూడా జరుగుతుంది.

లెక్కల మాస్టారు

డాక్టరమ్మా (డాక్టరు గారో తెలియదు, క్షమించాలి), ఇంత ఓపిగ్గా నాకు ఎవరూ చెప్పలేదు. ఒక చిన్న సందేహం. నాది హెర్బల్ మెహందీ అండి. ఆకు బొమ్మ ఉంటుంది. అమ్మోనియా కూడా లేదు. అందులో ఆ రసాయనం ఎందుకుంటుంది?

స్కిన్ పీజీ రెండో సంవత్సరం

మాస్టారూ, భూతద్దం ఉంటే ప్యాకెట్టు వెనక్కి తిప్పి చదవండి. గోరింటాకు ఒక్కదానితో జుట్టు ఎర్రగా, నారింజగా అవుతుంది గానీ నల్లగా అవదు. అరగంటలో కాటుకలా నల్లబడిందంటే ఆకుతో పాటు ఇంకేదో ఉంది. "బ్లాక్ హెన్నా" అని రాసినా, ఆకు బొమ్మ వేసినా అంతే. అమ్మోనియా ఘాటు వాసన వేస్తుంది, ముక్కు మండిస్తుంది. మీకొచ్చింది దానివల్ల వచ్చేది కాదు. అది లేదని పెద్దక్షరాలతో రాసి, ఉన్నదాన్ని చిన్నక్షరాలతో రాస్తారు.

పెళ్లిళ్లలో పిల్లల చేతులకి పెట్టే నల్ల కోన్ల సంగతి కూడా ఇంతే. పదేళ్లకి కోన్‌తో మొదలైన అలర్జీ, ముప్ఫై ఏళ్లకి మొదటిసారి తలరంగు వేసుకున్నప్పుడు బయటపడినవాళ్లని చూశాను.

కరీంనగర్ సెలూన్

సార్ నమస్తే. నేను 19 ఏళ్ల నుంచి సెలూన్ నడిపిస్తున్న. మీ రంగు కథ నాకు ఇటు దిక్కు నుంచి ఎరుకే.

ప్యాకెట్ మీద రాసుంటది సార్, ముందు చెవి వెనకనో మోచెయ్యి లోపలనో కొంచెం పెట్టి 48 గంటలు చూడాలె అని. నేను మొదట్ల చెప్పేటోణ్ణి. కుర్చీల కూసున్నాక "రెండు రోజులాగి రా అన్నా" అంటే ఎవరాగుతరు? పక్క షాపుకు పోతరు. సాయంత్రం రిసెప్షన్ ఉంటది, అప్పుడు యాదికొస్తది రంగు. ఇప్పుడైతే ఒక్కటే అడుగుత: "ఇంతకుముందు రంగు ఏస్తే దురద పెట్టిందా, చెవులు వాచినయా?" అవునంటే ఎంత పైసలిచ్చినా ఎయ్య. ఒకాయన ఊకోక పక్కకు పోయి ఏపిచ్చుకున్నడు, మూడో రోజు మొహానికి దస్తీ కట్టుకొని మా షాపు ముందట్నుంచే పోయిండు.

నా చేతులు చూస్తే మీకే బాధైతది. ఎనిమిదేండ్ల కింద వేళ్ల సందుల్ల పగుళ్లు మొదలైనయ్. షాంపూ, రంగు, దినమంతా తడి. పల్చటి రబ్బరు గ్లౌజులు తొడిగినా తగ్గలేదు. హైదరాబాద్‌ల వీపుకు టేపులు అంటించి చూసిండ్రు, రంగూ పడదు, రబ్బరూ పడదు అని తేలింది. గ్లౌజే కొంత నన్ను తింటున్నది అన్నట్టు! ఇప్పుడు నీలం నైట్రిల్ గ్లౌజులు, ఒక్కో గిరాకీకి ఒక జత. రంగు పని మా తమ్ముడు చూస్తడు. నేను కటింగ్, షేవింగ్ వరకే. గిరాకీ తగ్గింది, చేతులు మిగిలినయ్.

మీకొక మాట సార్. రంగు మానేస్తే ముందు రెండు నెలలు గీత కనపడతది, కింద తెల్లగ మీద నల్లగ. జుట్టు నెలకు ఒక సెంటీమీటర్ కాడికి పెరుగుతది. పొట్టిగ మిషన్ కొట్టిస్తే రెండు కటింగ్‌లల్ల నలుపంత పోతది. మీసం మాత్రం ఒక్కసారి తీసేసి మళ్ల పెంచుకోండ్రి. సగం నలుపు సగం తెలుపు మీసం ఎవరికీ మంచిగుండది.

డబ్లిన్ నుంచి

నాది రంగు కాదు, అయినా రాస్తున్నా. మా బాబు పుట్టాక నా చేతులు, వాడి నోటి చుట్టూ ఎర్రగా పేలేది. వాణ్ణి తుడిచిన తడి వైప్స్ ప్యాకెట్లు అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు ప్రేమగా సంచి నిండా తెచ్చింది. ఇక్కడ చర్మం డాక్టరు చూపించింది అందులోని మిథైల్ ఐసోథయాజోలినోన్ అనే నిల్వ మందుని. ఐరోపా సమాఖ్యలో 2017 నుంచి ఒంటిమీద కడగకుండా వదిలేసే క్రీముల్లో, వైప్స్‌లో దాన్ని వాడనివ్వడం లేదు. కడిగేసే షాంపూల్లో చాలా కొద్దిగా ఉండొచ్చు.

వైప్స్ మానేస్తే బాబుకి వారంలో తగ్గింది. నా చేతులకి తగ్గలేదు. అంట్లు తోమే లిక్విడ్‌లో కూడా అదే ఉందని నెల తర్వాత తెలిసింది. ఇప్పుడు ఏ సీసా కొన్నా వెనక లేబుల్ ఫోటో తీసి పెద్దది చేసి చదువుతా. షాపులో నన్ను చూసి మా ఆయన ఇంకో వరసలోకి వెళ్లిపోతాడు.

ఇంకో చిన్న మోసం: "అన్‌సెంటెడ్" అంటే సుగంధ పదార్థాలు లేనట్టు కాదు. వేరే వాసన తెలియకుండా కప్పడానికి ఏదో కలపొచ్చు. "ఫ్రాగ్రెన్స్ ఫ్రీ" అని ఉన్నవే నయం.

విజయనగరం కోడలు

డబ్లిన్ గారూ, మా ఆయనా అంతే. ఒకసారి షాపువాడు వచ్చి "ఏం కావాలమ్మా, చదివి పెట్టనా?" అన్నాడు.

లెక్కల మాస్టారు

అందరికీ నమస్కారం. ఏడు వారాల తర్వాత రాస్తున్నాను.

ముందుగా, ప్యాకెట్టు. మా స్కూలు సైన్సు ల్యాబులో భూతద్దం తీసుకుని చదివాను. ఆకు బొమ్మ కింద, మడత పడ్డ చోట, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది పారాఫినైలిన్‌డయామిన్. ఈ పదార్థం కొందరికి చర్మం మీద దురద కలిగించవచ్చు, ముందుగా పరీక్షించుకోవాలి, కనుబొమలకి, రెప్పలకి వాడరాదు అన్న హెచ్చరిక కూడా ఉంది. తెలుగులో కూడా ఉంది! 11 ఏళ్లలో సుమారు 130 ప్యాకెట్లు చింపాను, అన్నీ ఆ మడత మీదుగానే చింపాను.

మాత్రలు అయిపోయి నాలుగు వారాలు ఆగి కాకినాడలో ప్యాచ్ టెస్ట్ చేయించుకున్నాను. వీపు మీద రెండు వరసల్లో టేపులు. నాలుగు రోజులు నడుము వరకే స్నానం. రెండో రోజు రాత్రి వీపు మీద ఒకే ఒక్క చోట జిల మొదలైంది, రెండో వరసలో నాలుగోది అని మా ఆవిడ లెక్క చెప్పింది. చేయి అందదు, అందినా గోకకూడదు. టేపు తీశాక, ఎంత గట్టిగా పడలేదో చెప్పే గుర్తుగా, అక్కడ రెండు ప్లస్‌లు వేశారు. 96 గంటలకి మూడు ప్లస్‌లయింది, చిన్న చిన్న నీటిపొక్కులతో. రెండో వరసలో నాలుగోది పీపీడీయే. గంధం సబ్బు అనుకున్నాను కదా, సుగంధాల మిశ్రమం దగ్గర ఏమీ లేదు. లాడ్జి వాళ్లకి మనసులో క్షమాపణ చెప్పుకున్నాను. షేవింగ్ ఫోమ్ కూడా మళ్లీ వాడుతున్నాను, ఏమీ కాలేదు.

ఒక కార్డు రాసిచ్చారు. పళ్లకి, పుళ్లకి రాసే కొన్ని మత్తుమందులు, కొన్ని సల్ఫా మందులు, కొన్ని బట్టల రంగులు దీనికి చుట్టాలట. అందరికీ పడకపోవాలని లేదు గానీ, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఈ కార్డు ముందు చూపించమన్నారు. ఆ కార్డుని ఆధార్ కార్డు వెనకాల పెట్టుకున్నాను. పీపీడీ లేని రంగులు కూడా ఉన్నాయి కదా అని అడిగాను. వాటిలో వాడేవాటితో కూడా చాలామందికి ఇదే గొడవ వస్తుందట. మీకు వచ్చిన తీవ్రత చూస్తే ఇంట్లో సొంతంగా చెవి వెనక పెట్టి చూసుకోవడం కూడా వద్దు అన్నారు. శుద్ధమైన గోరింటాకు, నీలి ఆకు పొడి అయితే పరవాలేదు, కానీ అందులో ఇంకేమీ కలపలేదని తెలిస్తేనే. ఆ "తెలిస్తేనే" దగ్గర నాకు ధైర్యం చాలలేదు.

కరీంనగర్ తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే మిషన్ కొట్టించి మీసం తీయించేశాను. డాక్టరమ్మ గుండు అక్కర్లేదన్నారు గానీ, మా ఆవిడ "ఎలాగూ ఇంతకొచ్చింది, అన్నవరం వెళ్లి పూర్తిగా ఇచ్చేద్దాం" అంది. మొక్కు లేకుండా ఎందుకన్నాను. "వంకాయ మళ్లీ వండుకోవాలని నేను మొక్కుకున్నాలెండి" అంది.

అన్నవరం ఇంకా వెళ్లలేదు. ఈలోగా సోమవారం తెల్లజుట్టు, మీసంలేని మొహంతో స్కూలుకి వెళ్తే యాప్ మొదటిసారికే పచ్చటిక్కు పెట్టింది. తొమ్మిదో తరగతిలో అడుగుపెడితే పిల్లలు మాత్రం కొత్త మాస్టారనుకుని లేచి నిలబడి, "గుడ్ మార్నింగ్ సార్, మా పాత సార్‌కి ఒంట్లో బాగా లేదండి" అన్నారు.

కరీంనగర్ సెలూన్

సార్, మీసం మళ్ల ఎప్పుడు పెంచుతరు? తెల్ల మీసానికి కొసలు తిప్పితే మీకు మంచిగుంటది. ఫోటో పెట్టుండ్రి.